ఒకే క్రియ వెంట నడవడం: ‘మింగు’తో మొదలుపెట్టండి

ఒక్క క్రియ పద్యాల్లో, సామెతల్లో, మన రోజువారీ మాటల్లో ఎన్ని రకాలుగా పనిచేస్తుందో చూడాలని ఉంటే ‘మింగు’ను తీసుకోండి. ‘పడు’, ‘చేయు’ లాంటివి మొదట్లోనే వద్దు. అవి ప్రతి వాక్యంలోనూ దొరుకుతాయి, తెమలవు. మింగడం ఒంటికి బాగా తెలిసిన పని. కవి దాన్ని ఎంత దూరం లాక్కెళ్ళినా మొదటి అర్థం ఆనవాలు పోదు.

నిఘంటువు తర్వాత చూద్దాం. ముందు ఒక మాత్ర మింగేటప్పుడు ఏం జరుగుతుందో కాగితం మీద రాయండి. నమలం. ఉన్నది ఉన్నట్టే లోపలికి పోతుంది. కంటికి కనిపించదు. గొంతు దాటాక మన చేతిలో ఉండదు. నా నోటుబుక్కులో ‘మింగు’ మొదటి పేజీ ఇదే. తర్వాత దొరికిన ప్రతి వాక్యం పక్కనా, ఇందులో ఏ ముక్కను అది వాడుకుందో రాస్తాను. వాచ్యార్థం (మాట నేరుగా చెప్పే అర్థం), లక్ష్యార్థం (దాన్నుంచి సాగదీసి తీసుకునే అర్థం) అని రెండు గళ్ళు గీసి అన్నీ వాటిలో సర్దేస్తే పని త్వరగా అయిపోతుంది, కానీ చేతికి ఏమీ రాదు.

వెతికేటప్పుడు పాత రూపం ‘మ్రింగు’ను కూడా వెతకాలి. పద్యాల్లో ఎక్కువగా కనిపించేది అదే. ‘దిగమింగు’ను విడిగా చూడండి. నిఘంటువుల కోసం నేను ఆంధ్రభారతి వెబ్‌సైటులోని శోధన వాడతాను. 1852లో వచ్చిన బ్రౌన్ నిఘంటువును తప్పకుండా తిరగేస్తాను.

ఇక పోతన దగ్గర ఆగాలి. భాగవతం అష్టమ స్కంధంలో హాలాహలం ఘట్టం:

మ్రింగెడివాఁడు విభుండని
మ్రింగెడిదియు గరళమనియు మేలని ప్రజకున్
మ్రింగుమనె సర్వమంగళ
మంగళసూత్రంబు నెంత మది నమ్మినదో!

మూడు పాదాలు ఇదే క్రియతో మొదలవుతాయి. మింగేవాడు ఎవరు, మింగేది ఏది అన్నాక, మూడోసారి అది సర్వమంగళ, అంటే పార్వతి, శివుడికి ఇచ్చే ‘మింగు’ అనే అనుమతిగా మారుతుంది. కంద పద్యంలో ప్రాస, అంటే ప్రతి పాదంలో రెండో అక్షరం కలవడం, తప్పనిసరి కదా, ఇక్కడ ఆ ప్రాస సున్నా మీది ‘గ’. అంటే ‘మ్రింగు’కీ ‘మంగళ’కీ ఛందస్సే ముడి వేసింది. విషం మింగడం, తాళిబొట్టు నిలవడం ఒకే శబ్దంలో కలిశాయి. ఈ పద్యాన్ని పైకి చదవకుండా అర్థం మాత్రమే రాసుకుంటే ఇది కనబడదు.

ఇంకో సంగతి. ఇక్కడ మింగడం వాచ్యార్థమే, విషం నిజంగానే నోట్లోకి పోయింది. కానీ గొంతు దాటలేదు. ‘ఉదరము లోకంబులకును సదనంబగు’ అని తెలుసు కాబట్టి శివుడు దాన్ని కంఠంలోనే నిలిపాడు. మొదటి పేజీలో రాసుకున్న ‘గొంతు దాటడం’ అన్న ముక్క ఇందులో లేదు. మనం దుఃఖాన్ని దిగమింగాం అన్నప్పుడు ఆ ‘దిగ’ చెప్పేది సరిగ్గా ఆ ముక్కనే. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడమని ఎవరికైనా చెబుతాను.

తర్వాత సుమతీ శతకం. సిరి పోయేటప్పుడు ‘కరి మ్రింగిన వెలగపండు కరణి’ పోతుందట. పెంకు అలాగే ఉంటుంది, లోపల గుజ్జు ఉండదు. సంస్కృతంలో దీన్ని గజభుక్త కపిత్థ న్యాయం అంటారు, అంటే ఏనుగు తిన్న వెలగపండు. తెలుగు పద్యం ‘తిన్న’ అనకుండా ‘మ్రింగిన’ అంది. నాకు ఇదే నచ్చుతుంది. నమిలితే పెంకు మిగలదు, మింగితేనే పోలిక నిలబడుతుంది.

ప్రతిచోటా ఇంత లోతు వెతకొద్దు. ‘మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె’ అన్న సామెతలో మింగడమంటే తినడమే. మి, మె, మీ అనే వరస కోసం ఆ మాట పడింది. అర్థం కట్టే ముందు శబ్దాన్ని చూసుకోండి.

అనుమానం వచ్చినప్పుడల్లా ‘తిను’తో మార్చి చూడటం నా అలవాటు. ‘డబ్బు తిన్నాడు’, ‘డబ్బు మింగాడు’ రెండూ కుదురుతాయి. కానీ మొదటిదానిలో కొంచెం కొంచెంగా, రెండోదానిలో మొత్తం ఒకేసారి అన్న తేడా నాకు వినిపిస్తుంది. ‘దెబ్బ తిన్నాడు’ అంటాం, ‘దెబ్బ మింగాడు’ అనం. ‘చీకటి ఊరిని మింగేసింది’ బాగుంది, ‘తినేసింది’ అంటే వికారంగా ఉంటుంది.

కర్త ఎవరో కూడా రాసుకోండి. మనిషి కర్త అయితే మింగేవి ఎక్కువగా మనసులోవి: కోపం, అవమానం, చెప్పబోయిన మాట. చీకటో సముద్రమో కర్త అయితే మింగుడు పడేది మనిషే. ‘గుటకలు మింగడం’ మధ్యలో ఉంటుంది. గొంతు నిజంగానే కదులుతుంది, చెప్పదలచుకున్నది మాత్రం భయమో ఆశో.

రాహువు చంద్రుణ్ణి మింగడాన్ని ఏ వైపు వేయాలి? కథను నమ్మి చదివేవారికి వాచ్యం, మనకు అలంకారం. తేదీ, రచన, ఎవరి నోటి మాట అన్నవి పక్కన రాయకపోతే ఇలాంటివి తేలవు. పైగా రాహువుకి తల ఒక్కటే, మొండెం లేదు. మింగినది మళ్ళీ బయటికి వస్తుంది.

కొత్త వాక్యాలు వస్తున్నా మొదటి పేజీలోని ముక్కలే మళ్ళీ మళ్ళీ తగులుతుంటే సేకరణ ఆపి రాయడం మొదలుపెట్టవచ్చు. ఆ తర్వాత ‘కక్కు’ తీసుకోండి. నిప్పులు కక్కడం, విషం కక్కడం, నిజం కక్కించడం ఎలాగూ ఎదురవుతాయి. ‘మింగలేక కక్కలేక’ అన్న మాట రెండు క్రియల నోటుబుక్కుల్లోనూ ఎక్కించాలి.