వరోవాకి వాము పువ్వు పెట్టబోయే ముందు

వానలు ముసురుపట్టి, బయట పూత పెద్దగా లేక, తేనెటీగల పెట్టెల్లో ఈగ తగ్గి, ఈగల్ని పట్టి తినే వరోవా అనే నల్లి పెరిగే కాలం ఆగస్టు, సెప్టెంబరు. అక్టోబరు నుంచి అరకు వైపు వలిసెలు పూస్తాయి. ఆ తర్వాత ధనియాలు, పొద్దుతిరుగుడు, నువ్వులు వస్తాయి. ఆ పూతలకు పెట్టెలు తీసుకెళ్లాలనుకునేవాళ్లు నల్లి మందు పని ఈలోపే ముగించుకోవాలి. రసాయన పట్టీలు వద్దనుకుని సుగంధ తైలాల వైపు చూసేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. మంచిదే. కానీ "మొక్కల నుంచి తీసిందే కదా, ఏమవుతుంది" అన్న ధీమాతో పెట్టెలో పోస్తే నల్లి కంటే ముందు రాణి పోతుంది. లేదా గదుల్లో పెరుగుతున్న పిల్ల పోతుంది. రెండూ బతికితే తేనెకి అమృతాంజనం వాసన వచ్చి కొన్నవాడు డబ్బా వెనక్కి పంపుతాడు.

ఇది ఇటాలియన్ ఈగలు పెంచేవాళ్ల కోసం రాస్తున్నది. మన నాటు పుట్ట తేనెటీగ వరోవాతో తరతరాలుగా కలిసి బతుకుతోంది. నల్లిని గుర్తుపట్టి ఒంటి మీద నుంచి దులిపేసుకుంటుంది. నల్లి కూడా దాని పోతుటీగల (మగ ఈగల) పిల్లలోనే తప్ప కూలి ఈగల పిల్లలో సరిగా పెరగదు. నాటు పెట్టెలకు ఈ తైలాల గొడవే అక్కర్లేదు. ఘాటు తగిలితే అవి పెట్టె వదిలి లేచిపోతాయి, అదొక్కటే జరిగేది.

ఏ తైలం పనిచేస్తుంది అనే ప్రశ్నకి జవాబు చాలామంది అనుకున్నంత పొడవు లేదు. 1999 నాటికే ప్రయోగశాలల్లో 150కి పైగా సుగంధ తైలాలను వరోవా మీద పరీక్షించారు. ఆ ఫలితాలన్నీ స్విట్జర్లాండ్ పరిశోధకులు ఒకచోట చేర్చి చూస్తే, గాజు సీసాలో నల్లిని చంపినవి చాలానే ఉన్నాయి గానీ, నిజమైన పెట్టెలో నిలబడింది దాదాపు ఒక్క థైమాలే. అంటే మన వాము పువ్వు. దానితో కలిపిన మిశ్రమాలు కూడా కొన్ని పనిచేశాయి. లవంగ నూనె, దాల్చిన నూనె, నీలగిరి తైలం, పుదీనా నూనె వంటివి విడిగా పెట్టె మీద ప్రయోగించి డబ్బు, ఈగలు పోగొట్టుకోవద్దు. నల్లిని చంపే మోతాదుకీ ఈగని చంపే మోతాదుకీ మధ్య దూరం వీటిలో చాలా తక్కువ.

వేప నూనె గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మన రైతు చేయి ముందు దాని మీదకే పోతుంది. కెనడాలో వేప నూనె పిచికారీ చేసి చూశారు. నల్లి బాగానే తగ్గింది. దాంతోపాటు పిల్ల తగ్గింది, రాణులు పోయాయి. పురుగు పెరుగుదలని ఆపే గుణం వేపలో ఉంది, తేనెటీగ పిల్లా పురుగే మరి. పంట మీద కొట్టే వేప మందు పెట్టెలోకి తేవద్దు.

నిమ్మగడ్డి నూనె ప్రమాదం వేరే రకం. దాని వాసన, ఈగలు తోటివాళ్లని పిలవడానికి వదిలే వాసనకి దగ్గరగా ఉంటుంది. గుంపుని పట్టడానికి ఖాళీ పెట్టెలో ఒకటి రెండు చుక్కలు వేసేది అందుకే. పూత లేని ఆగస్టులో దాన్ని పంచదార పాకంలో కలిపి నాలుగు పెట్టెలకి పోశారంటే పక్క పెట్టెల ఈగలన్నీ దోపిడీకి దిగుతాయి. దోపిడీలో తేనె ఒక్కటే చేతులు మారదు, నల్లి కూడా మారుతుంది.

ముందు లెక్క

మందు పెట్టాలా వద్దా అన్నది నల్లిని లెక్కపెట్టాక తేల్చండి. పిల్ల ఉన్న ఫ్రేము మీద నుంచి అర కప్పు ఈగలు తీసుకుంటే సుమారు 300 వస్తాయి. తీసే ముందు ఆ ఫ్రేము మీద రాణి లేదని రెండుసార్లు చూసుకోండి. జాలీ మూత ఉన్న సీసాలో వేసి రెండు చెంచాల పంచదార పొడి చల్లి, ఒకటి రెండు నిమిషాలు మెల్లగా దొర్లించి, కాసేపు ఆగి, నీళ్లు పోసిన తెల్ల పళ్లెంలోకి కుదపాలి. పంచదార కరిగి ఎర్ర గోధుమ రంగు నల్లులు తేలుతాయి. వచ్చిన సంఖ్యని 3తో భాగిస్తే 100 ఈగలకి ఎన్నో తెలుస్తుంది. 3 దాటితే మందు అవసరం. ఈగలు బతికే ఉంటాయి, తిరిగి పెట్టెలో పోసేయొచ్చు. ముసురులో మాత్రం ఈ పద్ధతి మోసం చేస్తుంది. గాలిలో తేమకి పొడి ముద్దకట్టి నల్లి రాలదు, లెక్క తక్కువ వస్తుంది. వాన తెరిపిచ్చిన రోజు మధ్యాహ్నం, పొడి సీసాతో చేయండి.

లెక్క తక్కువ వచ్చినా పిల్ల మచ్చలు మచ్చలుగా ఉండి, రెక్కలు ముడుచుకుపోయిన ఈగలు గుమ్మం ముందు పాకుతుంటే రెండో అనుమానం పెట్టుకోవాలి. కొండ తేనెటీగల నుంచి వచ్చే ట్రోపిలేలాప్స్ అనే మరో నల్లి మన దేశంలో ఉంది. వరోవా పీతలా అడ్డంగా వెడల్పు. ఇది సన్నగా, నిలువుగా ఉండి, పిల్ల ఉన్న మైనపు గది మూత తీయగానే గబగబా పరుగెడుతుంది. పెద్ద ఈగల మీద ఇది తిని బతకలేదు, దాని జీవితమంతా పిల్లలోనే. అందుకే పంచదార పరీక్షలో అంతగా దొరకదు. మూత వేసిన గదులు కొన్ని సూదితో విప్పి చూస్తేనే తెలుస్తుంది. అదే అయితే తైలాల కంటే రాణిని కొన్ని వారాలు పంజరంలో పెట్టి పెట్టెలో పిల్ల లేకుండా చేయడం మేలు. పిల్ల లేకపోతే అది కొద్ది రోజుల్లోనే చస్తుంది.

వేడి

వాము పువ్వు పనిచేసేది ఆవిరిగా మారి. ఆవిరి ఎంత వస్తుందో మోతాదు కంటే ఎక్కువగా ఎండే నిర్ణయిస్తుంది. అపిగార్డ్ అనే థైమాల్ జెల్ 15 నుంచి 40 డిగ్రీల మధ్య వాడాలి. అపి లైఫ్ వార్ బిళ్లలైతే 18 నుంచి 35. కింది అంకె యూరప్ చలికి భయపడి రాసినది, మనం చూసుకోవాల్సింది పై అంకె. వాళ్ల బాధ ఆవిరి చాలక నల్లి చావకపోవడం, మన బాధ దానికి పూర్తిగా తలకిందులు. ఏప్రిల్, మే నెలల్లో విజయవాడ, రామగుండం ఎండలో పెట్టిన మందు, వారాలపాటు మెల్లగా రావాల్సిన ఆవిరిని కొద్ది రోజుల్లోనే వదిలేస్తుంది. ఈగలు గుమ్మం బయట గుత్తులుగా వేలాడతాయి, పిల్లని బయటికి లాగి పారేస్తాయి, రాణి గుడ్లు పెట్టడం ఆపుతుంది. అంత ఎండలో థైమాల్ జోలికి పోవద్దు. ఆగస్టు, సెప్టెంబరులో పగటి ఎండ ఎక్కువ రోజులు 30 నుంచి 34 మధ్య ఉంటుంది కాబట్టే ఆ కాలం అంటున్నాను. అప్పుడు కూడా పెట్టెలకి చెట్టు నీడ ఉండాలి. రేకు మూత ఎండకి కాలుతుంటే పైన తాటాకు గానీ గోనె గానీ వేయండి.

ఇక్కడే మన ఇళ్లలోని ఒక తెలివి తేటతెల్లంగా బెడిసికొడుతుంది. వాము పువ్వు, పుదీనా పువ్వు, కర్పూరం కలిపితే కరిగి నీరవుతాయని, అదే కడుపునొప్పికి వాడే అమృతధార అని మనకి తెలుసు. అపి లైఫ్ వార్ బిళ్లలో ఉన్నదీ ఇంచుమించు ఈ మూడే, థైమాల్ పాలు బాగా ఎక్కువగా, కొంచెం నీలగిరి తైలంతో. దీంతో "ఆయుర్వేద కొట్లో చవగ్గా దొరికేదానికి విదేశీ బిళ్ల ఎందుకు" అనిపించడం సహజం. తేడా సరుకులో లేదు, ఆవిరి వచ్చే వేగంలో ఉంది. బిళ్లలోనూ జెల్‌లోనూ మందుని పట్టి ఉంచే పదార్థం ఉంటుంది. అపిగార్డ్ 50 గ్రాముల ట్రేలో థైమాల్ 12.5 గ్రాములే, మిగతాది మెల్లగా వదలడానికి ఉన్న జెల్. అమృతధార దూదికి అద్ది ఫ్రేముల మీద పెడితే పట్టి ఉంచేదేమీ లేదు, త్వరగా ఆవిరై పెట్టె నిండిపోతుంది. నా మాటకి వస్తే, సొంతంగా కలిపిన ద్రవం పెట్టెలో పెట్టవద్దు. లేబుల్, మోతాదు, గడువు తేదీ ఉన్న జెల్ గానీ బిళ్ల గానీ కొనండి. అగరొత్తులకీ గది సువాసనకీ అమ్మే తైలాల్లో ఏం కలిపారో సీసా మీద రాయరు, వాటిని అసలే తేవద్దు.

పెట్టే రోజు

తేనె గదులన్నీ (పిల్ల గది పైన తేనె కోసం పెట్టే పెట్టెలు) దించేశాకే మందు. ఒక్క ఫ్రేము తేనె తర్వాత తీద్దామని వదిలేస్తే అది అమ్మకానికి పనికిరాదు. థైమాల్ కిలో తేనెలో ఒక మిల్లీగ్రాము దాటితే చాలు, నాలుకకి తెలిసిపోతుంది. మైనంలో ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. మందు సమయంలో పిల్ల గదిలో ఉన్న తేనె ఈగలకే వదిలేయండి, ఆ ఫ్రేముల్ని తర్వాత తేనె గదిలోకి ఎక్కించవద్దు. మందు ప్యాకెట్లూ ఖాళీ ఫ్రేములూ ఒకే గదిలో దాచే అలవాటుంటే మానుకోండి.

బలం ఉన్న పెట్టెకే పూర్తి మోతాదు. నాలుగైదు ఫ్రేముల ఈగ ఉన్న చిన్న పెట్టెకి సగం చాలు. ఆకలితో ఉన్న పెట్టెకి ముందు వారం పది రోజులు పాకం పోసి కోలుకోనివ్వండి. మందు మొదలయ్యాక పాకం ఆపండి, ఆ ఘాటులో ఈగలు సరిగా తాగవు. ఉత్పత్తిదారు ట్రేని ఫ్రేముల పైన పెట్టమంటే పైన, బిళ్లని విరిచి మూలల్లో పెట్టమంటే మూలల్లో పెట్టాలి. బిళ్లని పిల్లకి సరిగ్గా పైన పెడితే ఆ కింది పిల్ల పోతుంది. ట్రేకీ మూతకీ మధ్య కనీసం అర సెంటీమీటరు ఖాళీ ఉండాలి, లేకపోతే ఆవిరి తిరగదు. మన మూతలు చాలావరకు ఫ్రేములకి ఆనుకునే ఉంటాయి కాబట్టి చుట్టూ ఒక చెక్క చట్రం వేసుకోండి. ఆవిరి గాలికంటే బరువు, కిందికి దిగుతుంది. అడుగున జాలీ ఉంటే మూసేయాలి, గుమ్మం మాత్రం పూర్తిగా తెరవాలి. సాయంత్రం చల్లబడ్డాక పెట్టండి.

ఒక తోటలోని పెట్టెలన్నిటికీ ఒకే రోజు పెట్టాలి. సగానికి ఈ వారం, సగానికి వచ్చే నెల అంటే వాటి నుంచి వీటికి నల్లి తిరుగుతూనే ఉంటుంది. పక్క తోటలో ఎవరైనా పెట్టెలు దించి ఉంటే "అన్నా, ఫలానా రోజు మేం పెడుతున్నాం, మీరూ పెట్టండి" అని ఒక ఫోన్ కొట్టడం వృథా పోదు.

పెట్టెలు లారీ ఎక్కించే ముందు రోజుల్లో మందు ఉండకూడదు. గుమ్మాలు మూసి, పక్కపక్కనే కట్టి, రాత్రంతా ప్రయాణించే పెట్టెలో ఆవిరికి బయటికి దారి ఉండదు, ఈగలు వేడెక్కి ఆందోళన పడితే ఇంకా పెరుగుతుంది. ట్రేలన్నీ తీసి, కొన్ని రోజులు గాలి ఆడనిచ్చాకే ఎక్కించండి.

మనిషి జాగ్రత్త కూడా కావాలి. వాము పువ్వు చర్మాన్ని కాలుస్తుంది, కంట్లో పడితే చాలా ప్రమాదం. నైట్రైల్ గ్లవ్స్, కళ్లద్దాలు వేసుకోండి, ముసుగులోంచి చెయ్యి పెట్టి మొహం తుడుచుకోవద్దు. తైలాలకీ కర్పూరానికీ నిప్పు అంటుకుంటుంది, ఈగలకి పొగపెట్టే స్మోకర్‌ని దూరంగా పెట్టి పని చేయండి. కర్పూరం, నీలగిరి తైలం పిల్లల కడుపులోకి కొంచెం పోయినా ఫిట్స్ వస్తాయి. కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి ఉంచవద్దు.

పెట్టాక

రెండో రోజు పొద్దున్నే వెళ్లి చూడండి. కొన్ని ఈగలు గుమ్మం ముందు వేలాడటం, మందుకి దగ్గరున్న పిల్లని కొంచెం తీసేయడం మామూలే, టెన్షన్ పడక్కర్లేదు. సగం ఈగ బయటే ఉండి రాత్రి కూడా లోపలికి వెళ్లకపోతే మందు సగం తీసేయండి. ముసలి రాణి ఉన్న పెట్టెల మీద ఇంకాస్త కన్ను ఉండాలి. వారం తర్వాత గుడ్లు కనపడకపోయినా వెంటనే రాణి పోయిందనుకుని కొత్తదాన్ని తేవద్దు, ఘాటుకి ఆపేసి ఉండొచ్చు. మందు తీశాక కూడా గుడ్లు లేకపోతే అప్పుడు చూద్దాం.

మొదటి వారం అడుగు పలక మీద నల్లులు బాగా రాలడం చూసి మందు తీసేసేవాళ్లు ఉన్నారు. అది చాలా పెద్ద నష్టం. పెట్టెలో పిల్ల ఉన్నప్పుడు నల్లుల్లో సగానికి పైగా మూత వేసిన గదుల్లోనే ఉంటాయి. ఆవిరి ఆ మూతల్లోంచి దూరదు. కూలి ఈగ పిల్ల మూత కింద 12 రోజులు, పోతుటీగ పిల్ల 14, 15 రోజులు ఉంటుంది. ఆ గదులన్నీ తెరుచుకుని నల్లి బయటికి వచ్చేదాకా ఆవిరి పెట్టెలో ఉండాలి, అందుకే మొదటి ట్రే తర్వాత రెండో ట్రే, అందుకే లేబుల్ మీద చెప్పినన్ని వారాల పూర్తి కోర్సు. చలి దేశాల్లో శీతాకాలం పిల్ల ఆగిపోయి నల్లికి బ్రేక్ పడుతుంది. మనకి అది లేదు, కోర్సు మధ్యలో వదిలితే త్వరలోనే మళ్లీ మొదటికి వస్తుంది.

థైమాల్ ఉన్నంతకాలం నల్లికి వాడే ఫార్మిక్ యాసిడ్ గానీ రసాయన పట్టీ గానీ తోడు పెట్టవద్దు. రెండూ కలిస్తే నల్లి త్వరగా చస్తుందనేది ఆశ మాత్రమే, ఈగకి దెబ్బ మాత్రం ఖాయం.

కోర్సు అయిపోయి రెండు వారాలు గడిచాక మళ్లీ పంచదార పరీక్ష చేయండి. 100 ఈగలకి ఒకటి లోపు వస్తే తేనె గదులు ఎక్కించుకోవచ్చు, అదీ పెట్టె మూత తీసినప్పుడు వాము వాసన పూర్తిగా పోయిందనిపించాకే. ఇంకా 3 దగ్గరే ఉంటే అదే మందు మళ్లీ పెట్టవద్దు. మూత వేసిన పోతుటీగల పిల్లని ఫ్రేము నుంచి కోసి పారేయండి, నల్లి ఎక్కువగా దూరేది అందులోకే. ఆ పెట్టెల్ని ఈసారి పూతకి తీసుకెళ్లకుండా విడిగా ఉంచి, మీ దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రంలో చూపించి వేరే రకం మందుకి మారండి.