నాయన జూదం మానతానన్నాడు: కాణిపాకం పోయే ముందు ఇంట్లో చేసుకోవాల్సిన పనులు

పేకాటో క్రికెట్ బెట్టింగో బయటపడగానే చిత్తూరు వైపు ఇళ్లలో మొదట వచ్చే మాట, "కాణిపాకం తీసుకుపోయి ప్రమాణం చేయించండి." ప్రమాణం మంచిదే. వరసిద్ధి వినాయకుడి ముందు అబద్ధమాడడానికి ఎంతటివాడైనా జంకుతాడు. కానీ మరుసటి రోజే తీసుకుపోతే అది నిలవడం కష్టం. అప్పులెన్నో ఇంకా తేలలేదు, ఫోన్లో ఆట అలాగే ఉంది, వడ్డీవాడు సోమవారం వస్తానన్నాడు. "ఒక్కసారి ఆడి పోయింది రాబట్టుకుంటే చాలు" అనే ఆలోచన అక్కడే పుడుతుంది. ప్రమాణం తప్పిన మనిషి దేవుడి భయం కొద్దీ ఇంకా లోతుగా దాస్తాడు.

అక్కడి స్థలపురాణమే వరస చెబుతుంది. ఆకలికి ఆగలేక పరాయి తోటలో పండు కోసుకున్న లిఖితుడికి రాజు చేతులు తీయించాడు. తర్వాత ఏట్లో మునిగితే చేతులు తిరిగొచ్చాయి, ఆ ఏరు బాహుదా అయింది. తప్పు బయటపడడం, దాని ఫలితం మోయడం ముందు. చేతులు రావడం తర్వాత.

కాబట్టి మొదటి పని అప్పుల లెక్క. చిన్నపిల్లలు ఇంట్లో లేని పూట చూసుకుని, ఒక నోటుబుక్కులో గీతలు గీసి ఐదు గళ్లు చేయండి: ఎవరికి, ఎంత, ఏ తేదీ, వడ్డీ ఎంత, పత్రం ఏది. నాయన చేతిరాతతోనే రాయించండి. ఆయన చెబుతుంటే మీరు రాస్తే రేపు "నేనలా అనలేదు" అంటాడు. సిగ్గు కొద్దీ అన్నిటికన్నా పెద్ద అప్పే మొదటిరోజు దాగిపోతుంది, అందుకే వారం తర్వాత మళ్లీ కూర్చోండి. ఈలోపు ఆయన పాన్ నంబరుతో క్రెడిట్ రిపోర్టు తీయించండి, ఏడాదికి ఒకటి ఉచితం. బ్యాంకు అప్పులు, కార్డులు, చాలావరకు యాప్ లోన్లు అందులో పడతాయి. చేబదుళ్లు, రోజువడ్డీ, ఎత్తేసిన చీటీ పాట, అమ్మ డ్వాక్రా డబ్బు, తాకట్టు కొట్లో కుదువపెట్టిన గాజులు పడవు. గాజుల రసీదు కోసం చొక్కా జేబులు, బండి డిక్కీ చూడండి. ఇల్లు, పొలం మీద ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే పత్రం) తీస్తే రిజిస్టరైన తనఖాలు తెలుస్తాయి.

"ఏడుకొండలవాడికే అప్పు తప్పలేదు, నాదో లెక్కా" అని నాయన అనవచ్చు. నిజమే. కానీ స్వామి కుబేరుడికి పత్రం రాసిచ్చాడు, బ్రహ్మను, శివుణ్ణి సాక్షులుగా పెట్టుకున్నాడు. మీరూ ఆ పేజీ కింద మేనమామతోనో, ఆయన మాట వినే పెద్దాయనతోనో సాక్షి సంతకం పెట్టించండి.

నూటికి పది రూపాయల వడ్డీ అంటే లక్షకు నెలకు 10,000, ఏడాదికి 120 శాతం. ముందు తీర్చాల్సింది అదే. కానీ పొలం అమ్మి అన్నీ ఒక్కరోజే తీర్చొద్దు. అప్పులన్నీ తీరిన జూదరికి ఊళ్లో మళ్లీ అప్పు పుడుతుంది, ఆట మళ్లీ మొదలవుతుంది. డబ్బు నేరుగా అప్పిచ్చినవాడి చేతికే ఇచ్చి, ప్రోనోటు మీద చెల్లు రాయించుకుని వెనక్కి తెచ్చుకోండి. పందెంలో ఓడిన బాకీకి 1872 కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం దావా చెల్లదు.

"తండ్రి అప్పు తీర్చకపోతే పాపం" అని బంధువులు కొడుకుల మెడకు చుడతారు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ తర్వాత తండ్రి చేసిన అప్పుకు, పుత్రధర్మం అన్న ఒక్క కారణంతో కొడుకు మీదికి పోవడాన్ని కోర్టు ఒప్పుకోదు. మీరు హామీ సంతకం పెట్టి ఉంటే వేరే సంగతి. ఆయన ఆస్తి మీకు వస్తే ఆ మేరకు అప్పూ వస్తుంది.

తర్వాత డబ్బు దారి. జీతమో పెన్షనో పడగానే ఇద్దరి సంతకాలతో నడిచే ఖాతాలోకి మార్పించండి, ఫోన్లో యూపీఐ తీసేయించండి, నగలూ పట్టాలూ అమ్మ పేరున లాకర్లో పెట్టండి. చేతి ఖర్చుకు రోజుకు 100 రూపాయలు, ఏ రోజుది ఆ రోజే. వారానిది ఒకేసారి ఇస్తే మూడు ముక్కలాటకు సరిపోతుంది. ఆంధ్రలో ఆన్‌లైన్ రమ్మీ 2020లోనే నిషేధించారు, 2025లో కేంద్రం కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద చట్టం చేసింది. అయినా ధీమా వద్దు, బుకీకి యాప్ అక్కర్లేదు.

ఇది జబ్బు కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో జూదవ్యసనం ఉంది. తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ వాళ్లు తెలుగులో ఉచితంగా మాట్లాడతారు. ఆట ఆపిన మొదటి వారాల్లో నిద్ర పట్టదు, చీటికిమాటికి చిరాకు. "నేను పోతే మీకు పీడ పోతుంది" అని ఒక్కసారి అన్నా బెదిరింపు అనుకోవద్దు. ఒంటరిగా వదలకండి, పురుగుల మందు ఇంట్లోంచి తీసేయండి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపోండి.

ఇవి నడక మొదలయ్యాక కాణిపాకం. "ఇక జన్మలో ముట్టను" అన్నది తప్పడానికే ఎక్కువ అవకాశం ఉన్న మాట. ఇలా పలికించండి: "ఈ రోజు నుంచి పందెం కట్టను. ఎప్పుడైనా తప్పితే ఆ రాత్రి పడుకునేలోపు ఇంట్లో చెబుతాను." రెండో వాక్యమే ముఖ్యం. అది ఉంటే తప్పినవాడికి కూడా నిలబెట్టుకోవడానికి ఒక మాట మిగులుతుంది. తిరుమలేశుడికి ముడుపు కడతానంటే కట్టనివ్వండి, పసుపు గుడ్డలో ఒక్క రూపాయి బిళ్ల. "గెలిస్తే హుండీలో వేస్తా" అన్న మొక్కును మాత్రం ఇంట్లో ఎవరూ ఒప్పుకోవద్దు. అది దేవుడితో కూడా పందెమే. చర్చిలోనో మసీదులోనో మాట ఇచ్చే ఇంటికీ ఇదే పద్ధతి పనికొస్తుంది.

మన్నించడం, డబ్బు అప్పగించడం రెండు వేరు పనులు. కలిపారంటే రెండూ చెడతాయి. "నన్ను క్షమించావు కదా, మరి ఏటీఎం కార్డివ్వవేం?" అని అడుగుతాడు. దానికి జవాబు ముందే అనుకుని ఉండండి: "నాయనా, నీ మీద కోపం తగ్గుతోంది. కార్డు మాత్రం అమ్మ దగ్గరే ఉంటుంది. నోటుబుక్కు చూసి వచ్చే ఉగాదికి మాట్లాడుకుందాం."

ఫీజు కట్టలేక చదువు ఆగిన కూతుర్ని "కాళ్లకు దండం పెట్టి మరిచిపోమ్మా" అనొద్దు. ముందు నాయనే ఆమె ముందు కూర్చుని, ఏ నెల ఫీజు ఏ ఆటలో పోయిందో చెప్పాలి. ఆమె ఏడ్చినా, లేచి వెళ్లిపోయినా మధ్యలో అడ్డుపడకండి. కొట్టడం, బెదిరించడం ఇంకా సాగుతున్న ఇంట్లో క్షమ మాట పక్కన పెట్టి, మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేసి అమ్మను ముందు భద్రంగా ఉంచండి.

మళ్లీ ఆడితే నోటుబుక్కు తెరిచి తేదీ, మొత్తం ఆయనతోనే రాయించండి. చేతి ఖర్చు ఈలోపు పెంచి ఉంటే మళ్లీ 100కు దించి, డాక్టరు దగ్గరికి ముందుగానే తీసుకుపోండి. ముడుపు విప్పొద్దు, అది దేవుడి గూట్లోనే ఉండనివ్వండి.