అమెరికాలో వేరే రాష్ట్రానికి వెళ్లినప్పుడు రైఫిల్ కొనడం ఎలా?

టెక్సస్‌లో ఉంటూ మోంటానాకు వెళ్లారు. అక్కడి దుకాణంలో ఒక రైఫిల్ నచ్చింది. అక్కడికక్కడే కొనుక్కోవచ్చా? ఫెడరల్ చట్టం ప్రకారం కొనుక్కోవచ్చు. ఒకప్పుడు పక్క రాష్ట్రం వాళ్లకు మాత్రమే ఈ వీలుండేది, 1986 సవరణతో ఆ హద్దు పోయింది. అయితే ఇది రైఫిళ్లకు, షాట్‌గన్లకు మాత్రమే. పిస్టల్ అయితే సొంత రాష్ట్రంలోని డీలర్ చేతి నుంచే తీసుకోవాలి.

1. ముందు మీ వీసా సంగతి చూసుకోండి

మనవాళ్లలో చాలామందికి అసలు చిక్కు ఇక్కడే. గ్రీన్ కార్డు ఉంటే ఇబ్బంది లేదు. హెచ్1బీ, హెచ్4, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా ఫెడరల్ నేరం. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. అందులో ఎక్కువమందికి పనికొచ్చేది వేట లైసెన్సు. అమెరికాలో ఏ రాష్ట్రం ఇచ్చినదైనా సరే, గడువు మాత్రం దాటకూడదు. గడువు అయిపోతే ఆ మినహాయింపూ పోతుంది, ఇంట్లో ఉన్న తుపాకీయే కేసు తెచ్చిపెడుతుంది.

'సిటిజన్ అయిన మా బావగారి పేరు మీద కొనేస్తాం' అనే ఆలోచన అస్సలు వద్దు. వేరేవాళ్ల కోసం కొంటూ తనకే అని దుకాణంలో నింపే ఫారంలో రాయడం నేరం. 2022 చట్టం ప్రకారం, కొనే అర్హత లేనివారి కోసం అని తెలిసీ కొని పెడితే 15 ఏళ్ల వరకు జైలు.

2. మీ రాష్ట్రం చట్టం మీ వెంటే వస్తుంది

దుకాణం ఉన్న రాష్ట్రం చట్టం, మీరు నివసించే రాష్ట్రం చట్టం, రెండూ ఒప్పుకోవాలి. న్యూజెర్సీవాళ్లకు తుపాకీ కొనుగోలుదారు కార్డు, ఇల్లినాయ్‌వాళ్లకు ఫాయిడ్ కార్డు (తుపాకీ ఉంచుకోవడానికి ఆ రాష్ట్రం ఇచ్చే గుర్తింపు కార్డు) కావాలి. వాషింగ్టన్ రాష్ట్రంలో 2023 నుంచి చాలా రకాల సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ల అమ్మకం నిషిద్ధం. కాలిఫోర్నియా అడ్రస్ చూడగానే బయటి డీలర్లు చాలామంది చేతులెత్తేస్తారు. కాబట్టి బయల్దేరే ముందే ఆ డీలర్‌కు ఫోన్ చేసి, మీది ఏ రాష్ట్రమో చెప్పి అడగండి.

3. లైసెన్సు ఉన్న డీలర్ దగ్గరే కొనండి

వేరే రాష్ట్రంలో ఉండే స్నేహితుడి దగ్గర నేరుగా కొంటే ఇద్దరూ ఇరుక్కుంటారు. అది కూడా డీలర్ ద్వారానే చేతులు మారాలి. రైఫిల్ విడిభాగమైన రిసీవర్ ఒక్కటే కొనాలనుకుంటే అది రైఫిల్ లెక్కలోకి రాదు, బయటి రాష్ట్రంవాళ్లకు నేరుగా అమ్మరు.

4. కౌంటర్ దగ్గర

వయసు కనీసం 18 ఉండాలి. గుర్తింపు కార్డులో ఇప్పుడుంటున్న అడ్రస్ ఉండాలి, ఇల్లు మారితే ముందే సరిచేయించుకోండి. కొనేవాళ్ల వివరాలు, అర్హత అడిగే ఫెడరల్ ఫారం 4473 స్వయంగా నింపి సంతకం పెట్టాలి. తర్వాత బ్యాక్‌గ్రౌండ్ చెక్, అంటే మీకు కొనే అర్హత ఉందో లేదో రికార్డుల్లో చూస్తారు. చాలాసార్లు నిమిషాల్లో తేలిపోతుంది. ఒక్కోసారి 'డిలేడ్' అని వస్తుంది. అప్పుడు మామూలుగా 3 పనిదినాలు ఆగాలి, 21 ఏళ్లలోపు వాళ్లకు 10 వరకు పట్టొచ్చు. మర్నాడే తిరుగు ఫ్లైట్ ఉంటే టెన్షనే.

అందుకే నన్నడిగితే, డబ్బు అక్కడ కట్టి రైఫిల్‌ను మీ ఊళ్లోని డీలర్‌కు పంపించమనడమే మేలు. ఫారం, చెక్ అన్నీ ఇంటి దగ్గరే అవుతాయి. షిప్పింగ్, ట్రాన్స్‌ఫర్ ఫీజు మాత్రం మీదే.

5. ఇంటికి తెచ్చేటప్పుడు

కారులో అయితే తూటాలు తీసేసి డిక్కీలో పెట్టండి. డిక్కీ లేని బండిలో తాళం వేసిన పెట్టెలో ఉంచాలి, గ్లవ్ బాక్స్ పనికిరాదు. విమానంలో అయితే తూటాలు లేని రైఫిల్‌ను తాళం వేసిన గట్టి పెట్టెలో పెట్టి, ఎయిర్‌లైన్ కౌంటర్‌లో చెప్పి, చెక్ఇన్ లగేజీలోనే పంపాలి. తూటాలు కూడా క్యాబిన్ బ్యాగులో ఉండకూడదు. ఒక్క తూటా మర్చిపోయినా సెక్యూరిటీ దగ్గర ఆగిపోతారు.