అద్దె ఇంటికి కెమెరాలు, అలారం పెట్టించే ముందు

హైదరాబాద్‌లో ఉంటూ నల్గొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఇల్లు అద్దెకిచ్చినవారు ముందుగా ఇవి చూసుకోండి.

- కెమెరా చూపు గేటు, మెట్లు, పార్కింగ్ వరకే. అద్దెకున్నవారి గదులు, స్నానాల గది కిటికీ అందులో పడనే కూడదు. అనుమతి లేకుండా ఆంతరంగిక దృశ్యాలు తీస్తే ఐటీ చట్టం 66ఈ సెక్షన్ కింద 3 ఏళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. ఇల్లు మీదే, కానీ అందులో కాపురం వారిది. రికార్డింగ్ ఎవరు చూస్తారో ఒప్పంద పత్రంలోనే రాయండి.
- కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ మార్చండి. అద్దెదారులు మారితే మళ్లీ మార్చండి, తాళాలతో సహా.
- వేసవి గాలివానలకు కరెంటు పోతుంది. కెమెరా దృశ్యాలను రికార్డు చేసే డీవీఆర్‌కు, రౌటర్‌కు, సైరన్‌కు బ్యాటరీ తప్పనిసరి.
- అలారం మోగితే 112కు ఫోన్ చేసే పొరుగువారు ఒకరైనా ఉండాలి. వారితో ముందే మాట్లాడండి.