ఆటో ఓపెన్ హీట్ ప్రెస్‌లో డిజైన్‌కి నీడ పడకుండా

టైమర్ అవ్వగానే మూత తనంతట తనే లేచే హీట్ ప్రెస్‌తో (వేడితో నొక్కి టీషర్ట్ మీద డిజైన్ వేసే మెషీన్) పని తేలికే. కానీ ఆ లేచే ఊపుకి సబ్లిమేషన్ పేపర్ (వేడికి డిజైన్ రంగును బట్టకు ఎక్కించే పేపర్) జరిగి, అక్షరాల పక్కన పల్చగా నీడ పడుతుంది. ఇక ఆ టీషర్ట్ పక్కన పెట్టాల్సిందే.

ముందు టీషర్ట్‌ను ఒట్టిగా 5 సెకన్లు నొక్కండి, తేమ పోతుంది. డిజైన్ పేపర్ బోర్లా పెట్టి, ఎదురెదురు అంచుల్లో రెండు చోట్ల చిన్న హీట్ టేప్ ముక్కలు అంటించండి. మామూలు సెల్లో టేప్ వద్దు, కరిగి బట్టకు పట్టేస్తుంది. పైన బటర్ పేపర్ వేసి 200 డిగ్రీల సెల్సియస్‌లో 50 సెకన్లు. మూత లేవగానే వేడి మీదే పేపర్‌ను ఒక్క లాగులో తీసేయాలి, నెమ్మదిగా తీస్తే మళ్లీ నీడే.

పెద్ద ఆర్డరైతే కింది ప్లేటు మీద కాలర్ ఎక్కడికి రావాలో అదే టేప్‌తో గుర్తు పెట్టుకోండి, ప్రతిసారీ స్కేలు వెతకక్కర్లేదు.

ఇదంతా తెల్లవి, లేత రంగువి పాలిస్టర్ బట్టలకే. కాటన్ మీద వేస్తే ప్రెస్ దగ్గర బాగానే కనిపిస్తుంది, ఉతికితే వెలిసిపోతుంది.