తూకం చీటీ ఫారంలో గీత సరిచేసిన తీరు (నా అనుభవం)

చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ తూకం చీటీకి విండోస్ ఫారమ్స్‌లో (డాట్‌నెట్‌లో విండోస్ ప్రోగ్రాముల తెరలు తయారుచేసే సాధనం) చేసిన ఫారం ఇది. పైన రైతు పేరు, బండి నంబరు. కింద గ్రాస్ (సరుకుతో బండి), టేర్ (ఖాళీ బండి), నెట్ (సరుకు ఒక్కటే) బరువులు. మధ్యలో చెక్కినట్టుండే అడ్డగీత కావాలి. టూల్‌బాక్స్‌లో గీత కంట్రోల్ (ఫారం మీద పెట్టే భాగం) లేదు, రాత చూపే లేబుల్ కంట్రోల్‌తోనే పని జరుగుతుంది.

లేబుల్ టెక్స్ట్ ఖాళీ చేసి, ముందు ఆటోసైజ్‌ని (రాతను బట్టి సైజు దానంతటదే మారే అమరిక) ఫాల్స్ చేయాలి. లేకపోతే ఎత్తు మార్చినా నిలవదు. తర్వాత బోర్డర్‌స్టైల్ (అంచు రకం) ఫిక్స్‌డ్3డి, ఎత్తు 2 పిక్సెళ్లు. పై పిక్సెల్ ముదురు, కింది పిక్సెల్ లేత: లోతు కనిపించేది అందుకే. యాంకర్‌లో (ఫారం ఏ అంచులకు అంటిపెట్టుకోవాలో చెప్పే అమరిక) టాప్, లెఫ్ట్, రైట్ మూడూ పెడితే ఫారం సాగదీసినా గీత తెగదు.

అసలు చిక్కు 150 శాతం స్కేలింగ్ (తెర మీదివన్నీ ఒకటిన్నర రెట్లు పెద్దగా చూపే విండోస్ అమరిక) పెట్టిన ల్యాప్‌టాప్‌లో వచ్చింది. ఎత్తు 2 కాస్తా 3 అయి, రెండు అంచుల మధ్య సందు పడి, గీత సన్నటి పెట్టెలా కనిపించింది. ఫారం లోడ్ ఈవెంట్‌లో (ఫారం తెరుచుకునేటప్పుడు నడిచే కోడ్) ఎత్తును మళ్లీ 2 చేస్తే సరిపోయింది.

గీతలు ఎక్కువుంటే పెయింట్ ఈవెంట్‌లో (ఫారం తెర మీద గీయబడే ప్రతిసారీ నడిచే కోడ్) కంట్రోల్‌పెయింట్.డ్రాబోర్డర్3డి అనే ఫంక్షన్ వాడడమే నయం: స్టైల్ ఎచ్డ్ (చెక్కినట్టు), సైడ్ టాప్. క్రియేట్‌గ్రాఫిక్స్‌తో మాత్రం గీయకండి, అలా గీసింది మళ్లీ దానంతటదే గీయబడదు కాబట్టి ఫారం మినిమైజ్ చేసి తెరిస్తే గీత మాయమవుతుంది.