బాత్‌రూమ్ ట్యాప్ మార్చడం ఎలా? టేపు చుట్టడం దగ్గరే ఉంది అసలు పని

గోడలోంచి వచ్చే ట్యాప్ మార్చడం అరగంట పని. దానికోసం ప్లంబర్‌ని బతిమాలుతూ రోజుల తరబడి బకెట్ పెట్టుకుని కూర్చోనక్కర్లేదు. కానీ ఎన్ని ఇళ్లలో చూసినా ఒకటే తంతు. కొత్త ట్యాప్ తళతళలాడుతూ ఉంటుంది, దాని మొదట్లో టైల్ తడిగా ఉంటుంది, చుట్టూ ఎమ్‌సీల్ ముద్ద. ఆ ముద్ద కనిపించిందంటే ట్యాప్ మరలకు టెఫ్లాన్ టేపు సరిగ్గా చుట్టలేదనే అర్థం. లోపలి నుంచి తోసుకొచ్చే నీళ్లను బయట పూసిన ముద్ద ఎన్నాళ్లో ఆపదు.

ముందు ఎక్కడ కారుతోందో చూడండి. ట్యాప్ మూతి నుంచి చుక్కలు పడుతుంటే లోపలి వాషర్ గానీ, పిడితో పాటు తిరిగే కడ్డీ (స్పిండిల్) గానీ మారిస్తే చాలు. గోడ దగ్గర కారుతున్నా, బాడీ పగిలినా, బోరు నీళ్ల ఉప్పు పట్టేసి పిడి తిరగకపోయినా అప్పుడు ట్యాప్ మార్చండి.

ఇత్తడి ట్యాపే కొనండి. సైజు దాదాపు అన్ని ఇళ్లలోనూ అరంగుళమే. స్కేలు పెట్టి కొలిస్తే మాత్రం పొరపాటు పడతారు. అరంగుళం ట్యాప్ మర బయటి కొలత సుమారు 21 మిల్లీమీటర్లు ఉంటుంది, అది చూసి ముప్పావు అంగుళం అనుకుని తెచ్చేస్తారు. ముప్పావు అంగుళానిది 26 దాటుతుంది. ట్యాప్‌తో పాటు టెఫ్లాన్ టేపు రెండు రోల్స్, ఒక స్క్రూ స్పానర్, పాత టూత్‌బ్రష్, పాత గుడ్డ ఉంచుకోండి. పైపు మూతిని మూసే బిరడా, అంటే అరంగుళం డమ్మీ ఒకటి తప్పకుండా కొనండి. కొత్త ట్యాప్ సరిపోకపోతే డమ్మీ బిగించి ఇంట్లో నీళ్లు వదులుకోవచ్చు, షాపుకి నింపాదిగా వెళ్లి రావచ్చు. ఇది లేకుండా పని మొదలుపెట్టి, సాయంత్రం దాకా ఇంటిల్లిపాదినీ నీళ్లు లేకుండా కూర్చోబెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ట్యాంకు దగ్గర గేట్ వాల్వ్ కట్టేయండి. వేడినీళ్ల ట్యాప్ అయితే గీజర్ స్విచ్ కూడా. కింది ట్యాపులు తిప్పి పైపులో మిగిలిన నీళ్లు వదిలేయండి. పాత ట్యాప్‌ను ఎడమవైపుకు, నిదానంగా విప్పండి. పైపు పాత జీఐది (జింక్ పూత ఉన్న ఇనుప పైపు) అయ్యి, తుప్పు పట్టి కదలకపోతే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి గంట ఆగండి. సుత్తితో మాత్రం కొట్టొద్దు. లోపలి మరల్లో ఇరుక్కున్న పాత టేపు పీలికలు పిన్నుతో లాగేసి, టూత్‌బ్రష్‌తో రుద్దండి.

ఇప్పుడు టేపు లేకుండానే కొత్త ట్యాప్‌ను చేత్తో బిగించి చూడండి. ఎవరూ చేయని పని ఇదే. నాలుగైదు రౌండ్లు హాయిగా తిరిగితే మంచిది. ఒకటి రెండు రౌండ్లకే ట్యాప్ గోడకు తగిలి ఆగిపోతే గోడ లోపల ట్యాప్ బిగిసే ఎల్బో (పైపు మలుపు ముక్క) టైల్ కంటే బాగా లోతుగా ఉందన్నమాట. అప్పుడు మధ్యలో ఇత్తడి ఎక్స్‌టెన్షన్ వేయాలి. రెండు మరల మీద వేలాడే ట్యాప్‌ను ఎంత టేపూ కాపాడలేదు. బిగించినప్పుడు ట్యాప్ వదులుగా ఊగుతోందా, పట్టుగా ఉందా అన్నది కూడా గుర్తుపెట్టుకోండి. ఎన్ని చుట్లు చుట్టాలో అదే చెబుతుంది.

ఇక టేపు. ముందు ఫ్లాంజి (గోడ దగ్గర సందును కప్పే గుండ్రటి బిళ్ల) ఎక్కించండి, తర్వాత ఎక్కిస్తే అది టేపును గీరేస్తుంది. మర చివర మీ ముఖం వైపు ఉండేలా ట్యాప్‌ను పట్టుకోండి. గడియారం ముల్లు తిరిగే దిక్కుగానే చుట్టండి. వెనక్కి చుడితే ట్యాప్ బిగించేకొద్దీ టేపు ఊడి, గోడ దగ్గర తెల్లగా పోగుపడుతుంది. మీ ముఖం వైపున్న చివరి మర ఒక్కటి ఖాళీగా వదలండి. అక్కడ చుట్టిన టేపు ముక్కలై నీళ్లలో కొట్టుకొచ్చి ట్యాప్ మూతిలోని జాలీకి అడ్డుపడుతుంది. టేపును లాగి పట్టి, ప్రతి చుట్టూ ముందు చుట్టు మీద సగం ఎక్కేలా పోనివ్వండి. కింద మరల గట్లు టేపు మీదుగా స్పష్టంగా కనిపించాలి. కనిపించలేదంటే వదులుగా చుట్టారు, తీసేసి మళ్లీ చుట్టండి.

ఎన్ని చుట్లు? పదిహేను. ఐదారు చాలు అనేవాళ్ల మాట వినొద్దు. మనకు దొరికే టేపు పల్చన, ట్యాప్ మరలు వదులు. ఇందాక చేత్తో బిగించినప్పుడు ఊగితే ఇరవై, బాగా పట్టుగా ఉంటే పది. నార చుట్టి సఫేదా (నూనె కలిసిన తెల్ల పూత) పూయడం జీఐ పైపుల కాలం పద్ధతి. ఇప్పటి క్రీమ్ రంగు సీపీవీసీ ప్లాస్టిక్ పైపులకు నూనె కలిసిన పూతలు పడవు. టెఫ్లాన్ టేపుతో ఆ భయం లేదు. అది నాన్‌స్టిక్ పెనం మీద ఉండే పదార్థమే, దేనికీ అంటుకోదు. మరల సందుల్ని నింపుతుంది, నున్నగా జారుతుంది. ఆ జారుడు వల్లే తెలియకుండా అతిగా బిగించేస్తాం.

ఇళ్లు పాడయ్యేది ఇక్కడే. సీపీవీసీ ఎల్బోలో మరలున్నది ప్లాస్టిక్‌లో పోత పోసిన ఇత్తడి ముక్కకి. బలమంతా పెట్టి తిప్పితే ఆ ముక్క ప్లాస్టిక్ లోపల కదిలిపోతుంది, లేదా ఎల్బో చీలుతుంది. బయటికి ఏమీ తెలియదు. కొన్నాళ్లకు గోడ అవతలి వైపు పెయింట్ ఉబ్బుతుంది. ఇక టైల్స్ పగలగొట్టడమే. అందుకే చేతితో ఆగేదాకా తిప్పి, గుడ్డ చుట్టి, పొట్టి స్పానర్‌తో ఒకటి, మహా అయితే ఒకటిన్నర రౌండు. అంతే. మూతి కిందికి వచ్చాక ఆగండి. కొంచెం దాటితే వెనక్కి తిప్పి సరిచేద్దామనుకోవద్దు. టేపు ఒకసారి నలిగాక వెనక్కి తిరిగితే పట్టు పోతుంది, కారుతుంది. మొత్తం విప్పి, కొత్త టేపు చుట్టాల్సిందే. మూతి కిందికి రాకముందే బిగుసుకుపోతే రెండు చుట్లు తగ్గించండి, కిందికి వచ్చినా వదులుగా ఉంటే రెండు మూడు పెంచండి.

ట్యాప్ తెరిచి ఉంచి గేట్ వాల్వ్ మెల్లగా తిప్పండి. గాలి పోయి నీళ్లు సాఫీగా వచ్చాక ట్యాప్ కట్టేయండి. పది మీటర్ల ఎత్తున్న నీళ్లు చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో ప్రెషర్ ఇస్తాయి. అందుకే పై అంతస్తులో పొడిగా ఉన్న బిగింపు కింది అంతస్తులో కారవచ్చు. ఐదు నిమిషాలు చూసి సరేననుకోకండి. ట్యాప్ మొదట్లో న్యూస్‌పేపర్ ముక్క చుట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున పొడిగా ఉంటేనే ఫ్లాంజిని గోడకు ఆనించి, సందు ఉంటే వైట్ సిమెంట్ పెట్టండి. తడిస్తే ఇంకో పావు రౌండు తిప్పుదామనిపిస్తుంది. తిప్పకండి. వాల్వ్ కట్టేసి, ట్యాప్ విప్పి, టేపంతా పీకేసి మొదటి చుట్టు నుంచి మళ్లీ చుట్టండి.